వంటగట్టు – ఇంటి వెల

ఇల్లు అమ్మవలెనను తలంపు కలుగగానే వంటయింటి గట్టును మార్చుట ఈ నడుమ పట్టణములలో ఒక పరిపాటి అయినది. మెరయు గట్టును చూచి కొనువారు ముచ్చటపడి వెల ఎక్కువ ఇత్తురని ఆశ. ఆ ఆశ ఎంతవరకు నిజమో, గట్టునకు ఏ రాయి తగునో నేడు కొంచెము విచారింతము.

మా బంధువులలో ఒక దంపతులు విజయవాడలో పాత ఫ్లాటు ఒకదానిలో కాపురమున్నారు. మూడేండ్లలో దానిని అమ్మి కుమారుని యొద్దకు పోవలెనని వారి యోచన. నల్లని కడపబండ గట్టును తీసివేసి తెల్లని క్వార్ట్జు పలకను వేయింపవలెనని ఆయన నిశ్చయించి, నమూనా ముక్కను నాకు చూపుచుండగా ఆమె లోపలినుండి వచ్చినది.

"రాబోయేవారెవరో, వాళ్లకు నచ్చుతుందని ఇంత ఖర్చు. ఈ మూడేళ్లూ దాని ముందు నిలబడేదాన్ని నేను. నా ఎత్తు ఎంతో ఒక్కరైనా అడిగారా అన్నయ్యా?" అన్నది.

ఆయనయు నేనును ఒకరి మొగము ఒకరము చూచుకొంటిమి.

అడుగదగిన మాటయే. నిలిచి పని చేయునపుడు గట్టు మోచేతి మట్టమునకు నాలుగైదు అంగుళములు క్రిందుగా ఉండిన భుజములకు శ్రమ తక్కువ. టేపు తెచ్చి కొలిచితిమి. ఆమె మోచేయి నేలనుండి 36 అంగుళములు, గట్టు 34. ఆ గట్టు మీద గ్యాసు పొయ్యి, పొయ్యి మీద కుక్కరు! కలియబెట్టవలెనన్న చేయి భుజము దాక లేవవలసినదే. భుజపు నొప్పికి ఇన్నేండ్లుగా మందులు వాడిరి గాని గట్టును ఎవరును కొలువలేదు.

ఇక అమ్మకపు వెల. ఫ్లాటు ధరను నిర్ణయించునది ముఖ్యముగా ఉన్న చోటు, నేలలో వచ్చు వాటా, కట్టడపు వయస్సు, నీటి వసతి, దస్తావేజుల శుద్ధి. వంటయిల్లు ఆగ్నేయమున ఉన్నదా అని అడుగని కొనుగోలుదారు మన ప్రాంతమున అరుదు. మన నమ్మకము ఎట్లున్నను, అమ్మదలచినవారు పొయ్యి చోటును కదపకుండుటయే మేలు. గట్టురాతికి ప్రత్యేకముగా వెల కట్టి ఇచ్చువారిని నేను చూడలేదు. కొన్న నెలలోనే ఉన్నదంతయు పెరికించి తమకు నచ్చిన అలమరలు పెట్టించుకొనువారిని మాత్రము చూచితిని. కాని పగిలిన అంచును, సింకు క్రింది చెమ్మను చూపి ధర తగ్గింపుమని అడుగుటకు ఎవరును సంకోచింపరు. పొయ్యిని రాతిలో దిగవేయుటకు కోసిన రంధ్రము కూడ ఇట్టిదే. వారి పొయ్యి కొలత వేరైనచో పలకయే మార్చవలసి వచ్చును.

రాళ్ల మాట చెప్పుదును. కడపబండ సున్నపురాయి జాతి. చింతపండు పులుసు, నిమ్మరసము దాని నునుపును తినివేయును. చలువరాయికిని అదే గతి. పైగా పసుపు మరక పోదు. గ్రానైటు వేడికిని పులుపునకును బాగుగా ఓర్చుకొనును. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీయు బంగారు చుక్కల నల్లరాయి బ్లాక్ గెలాక్సీ అను పేర దేశాంతరములకు పోవుచున్నది. భూవిజ్ఞానులు దీనిని గాబ్రో జాతిలో చేర్తురు గాని, వర్తకుల నోట ఇదియు గ్రానైటే. నల్లరాయి కొనునపుడు గోళ్లరంగు తుడుచు అసిటోనుతో తెల్లగుడ్డను తడిపి రుద్ది చూడవలెను. నలుపు అంటినచో అది పూసిన రంగు.

మా బంధువు మెచ్చిన క్వార్ట్జు పలక గనిలో పుట్టినది కాదు. నూటికి 90 పాళ్ల వరకు రాతిపొడి, తక్కినది రెసిన్ అను జిగురు. పొయ్యి మీదినుండి దింపిన బాణలిని నేరుగా పెట్టిన ఆ జిగురు కమిలి మచ్చపడును. దానిని కోయునపుడు లేచు ధూళి కార్మికుల ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని తెచ్చుచున్నందున, ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి ఆ పలకను నిషేధించినది. గ్రానైటు ధూళియు నిరపాయకరము కాదు. ఏ రాతినైనను ఇంటిలో పొడిగా కోయింపక, దుకాణముననే నీరు పోయుచు కోయించి తెచ్చుకొనవలెను.

తుదకు వారు సాధారణపు నల్ల గ్రానైటునే ఎంచుకొనిరి. తరుగు భాగము 32 అంగుళములు, పొయ్యి భాగము 29. "కొనేవాళ్లు పొడుగైతేనో?" అని ఆయన సందేహము. పొయ్యి భాగమును వేరు పలకగా, వేరు దిమ్మెలపై నిలిపించిరి. కావలసినవారు దానిని మాత్రము ఎత్తుకొనవచ్చును. క్వార్ట్జు వలన మిగిలిన సొమ్ము సింకు క్రింది పాత గొట్టములను మార్చుటకు సరిపోయినది.

మొన్న పోయినపుడు ఆమె పప్పు మెదపుచుండెను. చేయి మోచేతి మట్టముననే ఆడుచున్నది. తెల్లని నమూనా ముక్క ఆయన బల్లపై కాగితములు ఎగిరిపోకుండ బరువుగా ఉన్నది.