తీరిక ఎవరిది?

(స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



"తీరిక సమయమును సద్వినియోగము చేసికొనుట" అనే విషయం మీద మాట్లాడమని నాకు ఉత్తరం వచ్చింది. యాభై ఏళ్ళ క్రితం బడిలో వ్యాసరచన పోటీకి కూడా ఇదే విషయం ఇచ్చారు. తపాలా బిళ్ళలు సేకరించవలెననీ, పూలతోట పెంచవలెననీ రాసి రెండో బహుమతి తెచ్చుకున్నాను. నిజానికి మా ఇంట్లో ఎవరూ తపాలా బిళ్ళలు సేకరించలేదు. పూలతోటకు స్థలమూ లేదు. అప్పుడు పుస్తకంలో ఉన్నది రాశాను గనుక ఇప్పుడు కంటితో చూసింది చెబుతాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. ఆ ప్రాంతంలో లేసు అల్లని ఇల్లు అరుదు. 1840ల ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు పేద క్రైస్తవ స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. కరవు రోజుల్లో నాలుగు డబ్బులు చేతికొస్తాయని వారి ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. మా తాతమ్మ నుంచి మా అమ్మ వరకు ఆ సూదీ దారమే చేతులు మారుతూ వచ్చాయి.

మధ్యాహ్నం గిన్నెలు కడిగి, అమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేది. ఒడిలో దారపు ఉండ, చేతిలో సూది. పక్కింటి అత్త, ఎదురింటి పిన్ని వచ్చి చేరేవారు. కబుర్లు నడిచేవి, నవ్వులు వినిపించేవి. దారిన పోయేవారు చూసి "ఆడవాళ్ళకేం, తీరిగ్గా కూర్చున్నారు" అనుకుని పోయేవారు. మేమూ అలాగే అనేవాళ్ళం. "అమ్మ ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే "ఏమీ లేదండీ, ఊరికే కూర్చుంది" అని నేను ఎన్నిసార్లు జవాబు చెప్పానో. ఆ ఊరికే కూర్చోవడంలో దీపాలు పెట్టే వేళకు నడుము పట్టేసేది, కళ్ళు నీరు కారేవి. వారం చివర ఏజెంటు వచ్చి లెక్క కట్టి ఇచ్చిన డబ్బు ఉప్పూ పప్పుకే పోయేది.

తరువాత చాలా కాలానికి ఒక పుస్తకం గురించి తెలిసింది. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివారల మీద పరిశోధన చేసి 1982లో దానిని అచ్చు వేయించారు. ఇంటి చాకిరీ గాక, ఈ స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆమె రాశారు. ఐనా వీరిని పనివారని ఎవరూ అనరు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అంటారు. జనాభా లెక్కల్లో పనివారి కింద కూడా రారు. కాలక్షేపానికి కూలి ఏమిటి అన్న తర్కంతో, కనీస వేతనానికి ఎంతో తక్కువ ఇచ్చి, ఆ లేసును విదేశాలకు పంపి వ్యాపారులు బాగుపడ్డారు. తీరిక అనే ఒక్క మాట వలన మా అమ్మ కూలి తగ్గింది! అది తెలిసిన రోజు నా రెండో బహుమతి వ్యాసం గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. అల్లే చేతికి ఎంత చేరుతుందన్నది వేరే లెక్క.

ఇక ఆదివారం సంగతి. మన దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దొర పుణ్యమా అని వచ్చిందని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. బొంబాయి మిల్లుల్లో దాని కోసం పోరాడినవారు నారాయణ్ మేఘాజీ లోఖండే, జోతిరావు ఫూలే గారి సత్యశోధక సమాజానికి చెందినవారు. ఏళ్ళ తరబడి అర్జీలు, సభలు జరిగిన మీదట 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీ చట్టంలోకి వారపు సెలవు ఎక్కింది. 1890 ఏప్రిల్‌లో జరిగిన పెద్ద సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. ఆ సెలవు రోజున వారి ఇంట్లో వంట ఎవరు చేశారో చరిత్ర చెప్పదు. నేను ఊహించగలను.

మా ఇంట్లో ఆదివారమంటే అమ్మకు పని రెట్టింపయ్యే రోజు. కోడి గింజలు తినే వేళకే లేచి, పిల్లలకు తలలు దువ్వి, గుడికి పంపి, తాను ఆఖరున వచ్చి వెనక వరుసలో కూర్చునేది. ఆరాధన కాగానే అందరికన్నా ముందు లేచిపోయేది. నాన్నగారు దారిలో ఇద్దరు ముగ్గురిని భోజనానికి పిలిచేవారు. ఆయన మంచివారు, అతిథి ప్రియులు. మసాలా నూరే చేతిని మాత్రం ఆయన ఎన్నడూ అడగలేదు.

విశ్రాంతి దినాన్ని గురించిన ఆజ్ఞను బడిలో కంఠస్థం చేయించేవారు. ఎవరెవరు పని చేయరాదో అందులో వరుసగా ఉంది: నీవు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, ఇంట ఉన్న పరదేశి. ఎద్దు ఉంది, భార్య లేదు! ఒకసారి మా పాస్టరుగారిని అడిగితే, "నీవు" అన్నమాటలోనే భార్య కూడా ఉందమ్మా అన్నారు. పండితుల మాట కాదనను. ఐతే మా వంటింట్లో ఆ భాష్యం ఎవరూ చదవలేదు.

ఇదంతా పాత కథ అంటారేమో. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదీ ఆ పని చేసేవారి మధ్యనే తీసిన సగటు. అసలు ఇంటి పనిలో చెయ్యే పెట్టని మగవారు ఆ 88లోకి రారు. మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది. తీరిక మాత్రం ముక్కలు ముక్కలుగానే వచ్చింది. కుక్కరు ఒక కూతకూ రెండో కూతకూ నడుమ దొరికేది తీరిక ఎలా అవుతుంది? ఆ ముక్కలో ఫోను చూడవచ్చు, పుస్తకం చదవలేము. కోడళ్ళు ఫోను పట్టుకుంటున్నారని నిందించే అత్తగార్లు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి. నేనూ అత్తగారినే.

మా అమ్మకు నిజమైన తీరిక ఒక్కసారి దొరకగా చూశాను. ఆమెకు కుడి చూపుడు వేలికి గోరుచుట్టు లేచింది. సూది పట్టలేదు, పిండి పిసకలేదు. మేనత్త వచ్చి వంట చూసింది. తొమ్మిది రోజులు. నాన్నగారు ఊరి గ్రంథాలయం నుంచి తెచ్చి బల్ల మీద పెట్టిన నవల ఒకటుంటే, "కాస్త చదివి వినిపించవే" అంది. అమ్మ ఐదో తరగతి వరకు చదివిందని నాకు అప్పుడే తెలిసింది. రోజూ మధ్యాహ్నం నేను చదివేదాన్ని. మధ్యలో ఆపి, ఆ పిల్ల అలా ఎందుకు చేసిందంటావు అని అడిగేది. నాతో ఆమె ఇంటి పని గాక మరొక విషయం మాట్లాడడం అదే మొదలు. పదో రోజు వేలు నయమైంది. పుస్తకం గడువూ తీరింది, నాన్నగారు తిరిగి ఇచ్చేశారు. ఇంకా మూడో వంతు మిగిలి ఉంది.

గనుక తీరికను ఎలా సద్వినియోగం చేసుకోవాలో మీకు చెప్పడానికి నేను రాలేదు. కమిటీవారికి మాత్రం ఒక మనవి. మన గుడి ఆవరణలో పుస్తకాల గది ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు తెరుస్తారు. ఆ వేళకు పొయ్యి దగ్గర లేని స్త్రీ మన సంఘంలో ఎందరో లెక్క పెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు తాళం తీయించండి. ఒక చాప పరచండి. అక్కడికి ఎవరూ సూదీ దారం తేరాదని గోడ మీద రాసి పెట్టండి. వచ్చినవారు చదివినా సరే, గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నా సరే, ఎవరూ ఏమీ అడగవద్దు. ఆ రెండు గంటలూ ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే పని మగవారిది. వారి పేర్ల పట్టిక కార్యదర్శిగారు తయారు చేస్తానంటే, మొదటి పేరు మా అబ్బాయిది రాయమని చెప్పి వచ్చాను.