గృహములందు నీటి మితవ్యయము



విద్యానిధిని గూర్చియు వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. మేము బడిపంతులము గనుక ఇంటిలెక్క యొకటి మీ ముందుంచుచున్నారము. అది నీటిలెక్క.

అమరకోశమున నీటి పేరులలో 'జీవనము', 'అమృతము' అనునవి కలవు. ఆచమనమునకు మినుపగింజ మునుగునంత నీరు చాలునని పూర్వులు నియమించిరి. పుణ్యకార్యమునకే కొలత యుండగా గిన్నెలు తోముటకు కొలత యక్కఱలేదా? 'డబ్బును నీళ్లవలె ఖర్చుపెట్టినాడు' అని దుబారామనిషిని లోకము నిందించును. ఇక నీటినే డబ్బువలె ఖర్చుపెట్టవలసిన కాలము వచ్చినది.

నూతినుండి చేదుకొనిన దినములలో ఈ నేర్పు నెవరును బోధింప నక్కఱలేకపోయెను. చేతులనొప్పియే కొలతపాత్రము. బియ్యము కడిగిన నీరు కుడితితొట్టికిని, స్నానపునీరు అరటిపాదునకును పోయెడివి. కుళాయి వచ్చి ఆ నొప్పిని తీర్చినది, సంతోషమే. కాని దానితో లెక్కయు మఱపునకు వచ్చినది. శ్రమ తొలగలేదు, కంటికి దూరమైనది. హైదరాబాదునకు కృష్ణాజలము నాగార్జునసాగరమునుండి నూఱు కిలోమీటరులకు మించిన దూరము ఎత్తిపోయబడి వచ్చుచున్నది. 2019 లో చెన్నపట్టణపు జలాశయములు దాదాపు ఎండిపోగా జోలార్‌పేటనుండి రైలుబండ్లపై నీరు తేవలసి వచ్చెను. 2024 వేసవిలో బెంగుళూరున బోరుబావులు పెక్కులు వట్టిపోయెను.

2019 లో ప్రారంభమైన జలజీవన పథకమున గ్రామవాసికి దినమునకు 55 లీటరులు లక్ష్యముగా నిర్ణయింపబడినవి. త్రాగుటకు, వండుటకు, స్నానమునకు, ఉతుకుటకు అన్నిటికి నదియే. నిమిషమునకు 8 లీటరులు కురియు జల్లుకుళాయి క్రింద 7 నిమిషములు నిలిచిన 56 లీటరులు పోవును. ఒక గ్రామవాసి దినభాగ మంతయు మన యొక్క స్నానముతో ముగిసినదన్నమాట! బకెట్టును చెంబును పెట్టుకొన్నచో 20 లీటరులతో సుఖముగా స్నానము చేయవచ్చును.

కొన్ని సులభోపాయములు విన్నవింతుము. పండ్లు తోముకొనునప్పుడు కుళాయి కట్టివేయుడు. కూరలను పారెడు నీటిక్రింద గాక పళ్లెమున కడిగి, ఆ నీరు మొక్కలకు పోయుడు. నీటిని శుద్ధిచేయు ఆర్‌.ఓ. యంత్రము ఒక లీటరు మంచినీటికి సాధారణముగా రెండు మూడు లీటరులు వెలికి విడుచును. దానిని తొట్టిలో పట్టి నేల తుడుచుటకును మరుగుదొడ్డికిని వాడుడు. ఉప్పదనము హెచ్చు గనుక నిత్యము మొక్కలకు పోయవలదు. మరుగుదొడ్డి పాతతొట్టిలో నీరు నింపి మూత బిగించిన లీటరుసీసా నొకదాని, లోపలి మీట కడ్డుపడకుండ ఉంచినచో పోసిన ప్రతిసారి ఒక లీటరు మిగులును. కుళాయి వచ్చు దినమున, మూతపెట్టిన నిన్నటి నీటిని 'నిలువనీరు' అని కుమ్మరించుట యొక దురాచారము. త్రాగ నిష్టములేనిచో దానితో బట్టలు ఉతుకరాదా?

ఇవన్నియు స్త్రీలకు చెప్పిన మాటలని పురుషులు తప్పుకొనరాదు. మోటారు వేసి మఱచి, మేడపై తొట్టి పొర్లి వీధిలో ఏఱు పాఱువఱకు పత్రిక చదువుచుండు గృహస్థు లెందఱు లేరు? కుళాయికి నీరు రాని దినమున వీధిచివరకు బిందె మోయువారు మాత్రము తఱచుగా ఆ యింటి ఆడువారే.

'నీళ్లకుగూడ లోభమా?' అని కొందఱందురు. లోభము వేఱు, మితవ్యయము వేఱు. దప్పిగొన్నవానికి కాదనుట లోభము. వేసవిలో చలివేంద్రములు పెట్టు దాతలు మనలో నున్నారు. పారబోయక మిగిల్చిన నీరే ఆ కుండలను నింపును.

కావున మా ప్రార్థన యొకటే. మన వివాహపంక్తులలో సగము త్రాగి విడిచిన సీసాల గుట్ట మర్యాద కాదు. అడిగినవారికి అడిగినంత గ్లాసులలో వడ్డింతము. వసతిగృహమున కారుచున్న కుళాయిల నన్నిటిని ఈ వేసవికి ముందే బాగుచేయింపుడని పోషకులను వేడుచున్నారము. అచ్చట చదువుకొను బాలురు మన మాటలు మఱతురు గాని, మనము కట్టివేసిన కుళాయిని చూచి నేర్చుకొందురు.

సర్వే జనులును సుఖింతురు గాక యని విరమించుచున్నారము.