నాలుగు దాటాక రండి



మెట్రిక్‌తో ఆగిపోయిన నా చదువును నలభై రెండో ఏట మళ్ళీ మొదలుపెట్టి, ఇంటరుకి ప్రైవేటుగా కట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చదువుకుందామని నియమం. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడయ్యేది! పక్కింటావిడ చీటీ లెక్కకు, ఆడపడుచు చీరల బేరానికి. క్రైస్తవురాలినై ఉండి మొహమ్మీద కాదనడమేమిటని లేచిపోయేదాన్ని. తీరా పరీక్ష తప్పాను.

ఆ వేసవిలో బైబిల్లో నెహెమ్యా గ్రంథం చదివాను. పారసీక రాజుగారి పానదాయకుడాయన. సెలవు పుచ్చుకొచ్చి, కూలిన యెరూషలేము గోడ కట్టిస్తున్నాడు. సన్బల్లటు, గెషెము అనేవాళ్ళు ఓనో మైదానంలో కలుద్దాం రమ్మని నాలుగుసార్లు కబురంపారు. పని ఆపి రాలేనని నాలుగుసార్లూ ఒకటే జవాబు. చేతులకు బలమిమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. గోడ 52 రోజుల్లో లేచింది.

అయితే దానికి ముందు అధ్యాయం కూడా చూడాలండీ. పొలాలు తాకట్టుపెట్టి, కన్నబిడ్డల్ని దాస్యానికి పంపుతున్నామని బీదవాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ మొరపెట్టుకుంటే మాత్రం, పనుందని తోసెయ్యలేదాయన. పెద్దల్ని నిలదీసి ఆ పొలాలు తిరిగి ఇచ్చేస్తామనిపించాడు. ఏది మొరో ఏది కాలక్షేపమో ఆయనకు తెలుసు. నేనే రెండింటినీ కలిపేసుకున్నాను.

ఇప్పుడు తలుపు దగ్గరే, "నాలుగు దాటాక రండి వదినగారూ, కాఫీ తాగుదాం" అంటున్నాను. పక్కింటావిడ వారం రోజులు మాట్లాడలేదు. మొన్న మూడింటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పుస్తకం మూసేశాను.

పరీక్ష మార్చిలో.