డబ్బాలో పొడి, కాళ్లలో సత్తువ
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "వృద్ధాప్యంలో బలం మందులు". సమయం పదిహేను నిమిషాలే కనుక అందరూ అడిగే ఒక్క ప్రశ్నే తీసుకుంటాను. ప్రోటీన్ పొడి రోజూ పాలలో కలుపుకుని తాగితే ఒంట్లో కండ నిలుస్తుందా?

వయసు మీరినకొద్దీ కండరం సన్నబడుతుంది. అంతకన్నా వేగంగా దాని బలం తగ్గుతుంది. 1980ల చివర్లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా వైద్యుడు దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పేరు కొత్తదేగాని, "కాళ్లలో సత్తువ లేదు" అని మన ఇళ్లలో ఎప్పటినుంచో వింటున్నదే. బరువు తగ్గలేదు కదా అని ధీమా పడవద్దు. కండ పోయినచోట కొవ్వు చేరితే తూకంలో తేడా తెలియదు. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవబోతే తెలుస్తుంది, బస్సు మెట్టు దగ్గర తెలుస్తుంది. స్నానాల గదిలో తూలినప్పుడు నిలదొక్కుకోలేక తుంటి విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక పొడి సంగతి. 1994లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక పరిశోధన వెలువడింది. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న నూరుమందిని తీసుకున్నారు. సగటు వయసు 87. వారిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేసింది. ఒక జట్టు పోషకాలు కలిపిన పానీయం తాగింది. ఒక జట్టు రెండూ చేసింది, మరొకటి రెండూ చేయలేదు. పది వారాలు గడిచేసరికి వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. చేయనివారిలో పెరిగింది నూటికి మూడు వంతులే. ఉత్త పానీయం తాగినవారికి కండబలంలో ఒరిగిందేమీ లేదు. 87 ఏళ్లవారి సంగతి ఇది! మనలో చాలామందిమి వారి ముందు కుర్రవాళ్లమే.

అయితే తిండి అక్కరలేదా అంటే, అలా కాదు. పని చేసిన కండరానికి ముడిసరుకు కావాలి. అదే మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. వృద్ధులకు ఇంకొంచెం, కిలోకి ఒక గ్రాము పైన, ఉంటే మంచిదని చాలామంది నిపుణుల అభిప్రాయం.

ఇది డబ్బా లేకుండా రాదా? గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో మరో 6, గుప్పెడు వేరుశెనగ పప్పులో 7. యాభై గ్రాముల పెసలు నానబోసి అట్లు పోసుకుంటే 12. చేపలు తినేవారికి నూరు గ్రాముల ముక్కల్లో ఇరవై దాకా. మన ఇళ్లలో లోటంతా రాత్రిపూటే. "రాత్రికి నాకేమీ వద్దమ్మా, రెండు ఇడ్లీలు, మజ్జిగ చాలు" అంటాం. కోడళ్లు, కూతుళ్లు ఇక్కడున్నారు కనుక చెబుతున్నాను: ఆ మాట వినకండి. ఆ పూట గట్టిపప్పో, గుడ్డో, గడ్డపెరుగో పెట్టండి.

పొడి పూర్తిగా పనికిరానిదని నేననను. ఆపరేషనయి కోలుకుంటున్నవారికి, పళ్లు లేక నమలలేనివారికి, ఆకలి చచ్చి చిక్కిపోతున్నవారికి డాక్టరు రాసిస్తే వాడవలసిందే. మిగతావారు డబ్బా వెనక అక్షరాలు చదవాలి. చక్కెర, రుచి కోసం కలిపే పదార్థాలు చాలావాటిలో ఉంటాయి. అందుకే రోజువారీగా వాడడం మంచిది కాదని 2024లో అదే సంస్థ చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు నడగకుండా ముట్టనేకూడదు. అమెరికా నుంచి అబ్బాయి ప్రేమతో తెచ్చిన డబ్బాకైనా ఇదే నియమం.

విటమిన్ డి గురించి ఒక మాట. లోపం ఉన్నవారికి అవసరమే. కానీ ఎక్కువయితే ఇంకా మంచిది కదా అనుకోరాదు. ఆస్ట్రేలియాలో 70 దాటిన రెండువేల పైచిలుకు స్త్రీలలో సగంమందికి ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలు, ఎముకలు విరగడాలు వారిలోనే ఎక్కువయ్యాయి. ఇది 2010లో వచ్చిన ఫలితం. వారానికొకటి చొప్పున రాసిన 60 వేల యూనిట్ల మందును గడువు దాటినా సొంతంగా కొనసాగించేవారు గమనించాలి.

"రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా" అంటారు. నడక గుండెకు మంచిది, మానవద్దు. కానీ కండ పెరగాలంటే దానికి కష్టం అనిపించాలి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవండి. నీళ్లు నింపిన సీసాలు రెండు చేతులా ఎత్తండి. వారానికి మూడు రోజులు చాలు, సులువైపోయాక లెక్క పెంచండి. గుండెజబ్బు ఉన్నవారు, ఈమధ్య కంటి ఆపరేషనయినవారు ముందు డాక్టరు నడగాలి. మొదట్లో పక్కన ఒక మనిషి ఉండడం మేలు.

డబ్బా ధరకు ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల పెసలు వస్తాయో మీరే లెక్క వేయండి. జీవితమంతా బిల్లులు పాస్ చేసినవారికి నేను లెక్కలు చెప్పేదేముంది! మందుల చీటీలు తెచ్చుకున్నవారు భోజనాలయ్యాక నన్ను కలవవచ్చు. వంటవారు ఈరోజు ముద్దపప్పు చేశారట. రెండోసారి అడగడానికి మొహమాటపడకండి.