హిమసీమలో ఛాయాచిత్రములు

మన తెలుగులో మంచు అనునది ఒక్కటే మాట. ధనుర్మాసపు తెల్లవారుజామున వరిచేలమీద పొగవలె ఆవరించి, ప్రొద్దెక్కగనే విడిపోవునదియు మంచే. చలి ముదిరిన ఉదయములందు లంబసింగి గడ్డిమీద తెల్లగా పేరుకొనునదియు మంచే. కాని దూదిపింజలవలె ఆకాశమునుండి రాలి మోకాటిలోతున పరచుకొను మంచును మనలో అనేకులు యాత్రకు పోయి చూడవలసినదే. అందుచేత కాశ్మీరమునకో సిమ్లాకో పోవువారు ఉన్నిబట్టలతోపాటు కెమెరానో, కెమెరా గల సెల్‌ఫోనునో మరువక తీసికొనిపోవుదురు. తీరా ఇల్లు చేరి చుట్టములకు చూపబోవునప్పటికి, చిత్రములలో మంచు బూడిదవన్నెగాను, మనుష్యులు నల్లని నీడలుగాను తేలుదురు.

మాకీ అనుభవము 2011 జనవరిలో గుల్మార్గులో కలిగినది. మా మేనత్తగారిని వెంటబెట్టుకొని పోయినాము. ఆమె జన్మమంతయు గోదావరి ఒడ్డున గడచినది. చీరమీద అద్దెకు తెచ్చిన పొడుగుకోటు, కాళ్లకు రబ్బరుబూట్లు, దోసిట మంచు పట్టుకొని చిన్నపిల్లవలె నవ్వినది. నలువది చిత్రములు తీసినాము. ఇంటికి వచ్చి చూచుకొన్న తరువాత ఆమె, "ఏమిరా అబ్బాయీ, అంత దూరం తీసుకుపోయి నన్ను బొగ్గుబస్తాను చేసినావే! ఇందులో నా మొహమేదిరా?" అని అడిగినది. మావద్ద జవాబు లేకపోయినది. ఆమె మరల అంతదూరము ప్రయాణము చేయలేదు. 2014లో గతించినది.

జవాబు ఆ తరువాత తెలిసికొన్నాము. కెమెరాలో వెలుతురును కొలుచు సాధనము, ఎదుటనున్న దృశ్యము మొత్తముమీద ఒక మధ్యరకపు బూడిదవన్నెలో ఉండునని తలచును. అనగా తనమీద పడిన వెలుగులో నూటికి 18 పాళ్లు మాత్రము తిప్పి పంపునని దాని అంచనా. చెట్లు, ఇండ్లు, మట్టిదారులు ఉన్నచోట ఈ లెక్క చాలవరకు సరిపోవును. తాజామంచు అట్లుకాదు. అది నూటికి 80 పాళ్లకు పైగా వెలుగును తిప్పికొట్టును. ఇంత వెలుగేమని కెమెరా బెదరి, తన లోనికి వచ్చు కాంతిని తగ్గించుకొనును. తెల్లని మంచు బూడిద అగును. ఆ మంచు ముందు నిలిచిన మనవంటి చామనచాయ ముఖము బొగ్గు అగును. దోషము మేనత్తగారి ఛాయది కాదు, కెమెరాది కూడ కాదు. దాని మాట నమ్మిన మాది.

చేయవలసినది స్వల్పమే. కెమెరాలో వెలుగును హెచ్చించుటకు, తగ్గించుటకు ప్లస్, మైనస్ గుర్తులు గల మీట ఒకటి ఉండును. మంచులో దానిని ప్లస్ 1 మొదలు ప్లస్ 2 వరకు జరుపవలెను. ప్లస్ 1 అనగా కాంతి రెట్టింపు, ప్లస్ 2 అనగా నాలుగింతలు. ఫోనులో అయినచో తెరమీద మనిషి ముఖమును వ్రేలితో తాకి, ప్రక్కన వెలుగునకు కనబడు గుర్తును పైకి జరిపిన చాలును. అతిగా జరిపిరా, మంచులోని గరుకుదనము, అడుగుల జాడలు అన్నియు మాసి తెల్లకాగితమే మిగులును. కనుక ఒక చిత్రము తీసి, చూచి, మరల తీయవలెను.

ఆంగ్లేయుడగు సామ్యూల్ బోర్న్ 1866లో హిమాలయములందు 18,600 అడుగుల ఎత్తున, మణిరంగ్ కనుమలో చిత్రములు తీసినాడు. గాజుపలకకు మందుపూసి, తడి ఆరకముందే చిత్రము తీసి, అక్కడికక్కడే గుడారపు చీకటిలో కడుగవలసిన కాలమది. వెలుగును కొలుచు సాధనమే లేదు. మంచు ఎంత తెలుపో ఆయన తన కంటితోనే తేల్చుకొనవలసివచ్చినది. అన్ని సదుపాయములున్న మనము ఆ పనిని యంత్రమునకు వదలివేయుట కొంత సిగ్గుపడవలసిన సంగతియే.

ఇక ఎండ సంగతి. జనవరి నడుమ గుల్మార్గులో మిట్టమధ్యాహ్నమున సైతము సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తుననే ఉండును. ఉదయసాయంకాలములందు మరింత వాలి, ప్రక్కనుండి వచ్చు వెలుగు మంచులోని ప్రతి మడతను చూపును. మనిషిని ఆ వెలుగు చెంపమీద పడునట్లు నిలువబెట్టవలెను. క్రింది మంచే అద్దమువలె వెలుగును పైకి చిమ్మి గడ్డము క్రింది నీడను తేల్చును. ఇట్టి ఉపకారము మన ఊళ్ల ఎర్రమట్టి చేయదు. నీడలు నీలముగా వచ్చినవని కొందరు కలతపడుదురు. నీడలోని మంచుకు ఎండ తగులదు, నీలాకాశపు వెలుగే తగులును గనుక అవి నీలముగానే ఉండును; వానిని తుడిచివేయబోకుడు.

మంచు కురియుచున్నప్పుడు ఫ్లాష్ వేయరాదు. దగ్గరి రేకులు వెలిగి, చిత్రమునిండ తెల్లని మచ్చలు పడును. షట్టరు వేగము సెకనులో 250వ వంతు ఉన్న రేకులు చుక్కలుగాను, 60వ వంతు ఉన్న గీతలుగాను కనబడును.

చలిలో బ్యాటరీ శక్తి త్వరగా ఉడిగిపోవును. వేరొక బ్యాటరీని లోపలి చొక్కా జేబులో ఒంటి వేడికి దాచుకొనవలెను. కాశ్మీరీలు ఫిరన్ క్రింద నిప్పుల కాంగ్డీ పెట్టుకొందురని చూచి బ్యాటరీని దాని చెంత పెట్టరాదు సుమా! వెచ్చని గదిలోనికి పోకముందే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి ఉంచి, అది గదివేడికి వచ్చువరకు తెరువరాదు. లేనిచో గదిలోని తేమ లెన్సుమీద నీరై నిలుచును. స్లెడ్జిబండి లాగువారిని చిత్రము తీయుటకు ముందు ఒక్కమాట అడుగుట మర్యాద. ఆ చలిలో వారు పొట్టకూటికి నిలిచియున్నారు గాని మన చిత్రములకొరకు కాదు.

2023లో మరల గుల్మార్గు పోయినాము. ఈసారి మేనత్తగారి కుమార్తె, మా వదినగారు, వెంట వచ్చినది. ఎర్రశాలువ కప్పి, వెనుక దేవదారులు ఉండునట్లు నిలుపుకొని, మునుపటికంటె నాలుగడుగులు దగ్గరకు పోయి, మీటను ప్లస్ 1.3 వద్ద ఉంచి తీసినాము. తెరమీద చూచి ఆమె కొంతసేపు మాటాడలేదు. "నవ్వితే ఇంత అమ్మలా ఉంటానా?" అన్నది. ఇంటికి వచ్చి ఆ పాత చిత్రమును కంప్యూటరులో ఎంత వెలిగింపజూచినను ముఖము మసకగానే తేలినది. రెండింటిని ఒకే చట్రములో కట్టించి వదినగారికి పంపినాము.