దేవదాసు: ముందు సినిమానా, నవలా?

నేను డిగ్రీ పిల్లలకు సాహిత్యం చెప్తాను. క్లాసులో సినిమా వేస్తే పిల్లలు పుస్తకం దగ్గరకొస్తారా, ఉన్న పుస్తకం కూడా పక్కన పడేస్తారా? ఇవాళ దీని గురించే మాట్లాడదాం.

ఒకసారి పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు కనిపించింది. పార్వతి, చంద్రముఖి కలిసి డాన్స్ చేశారట! శరత్ నవలలో వాళ్లిద్దరూ అసలు ఎదురుపడరు. ఆ అబ్బాయి చూసింది 2002లో భన్సాలీ తీసిన సినిమా. మార్కులు కొట్టేయడం తేలికే. నేను మాత్రం ఆ జవాబునే పాఠం చేసుకున్నాను.

నవల 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్య గారు అక్కినేని, సావిత్రిలతో తెలుగులో తీశారు. మన తాతయ్యలకు ఇప్పటికీ దేవదాసంటే నాగేశ్వరరావే! 1955లో బిమల్ రాయ్ హిందీలో తీశారు. అందులో ఆ ఇద్దరు ఆడవాళ్లు దారిలో ఎదురుపడి, ఒక్క మాట లేకుండా వెళ్లిపోతారు. భన్సాలీ దగ్గరకొచ్చేసరికి అదే కలయిక పెద్ద పాటయిపోయింది. ఎందుకు? అని అడిగితే చాలు, క్లాసంతా గోలగోల. "ఇద్దరు పెద్ద హీరోయిన్లున్నాక పాట లేకపోతే ఎలా సార్?" అందొక అమ్మాయి. నా లెక్కలో అది కూడా విమర్శే.

సినిమా మొత్తం మాత్రం వెయ్యను. 50 నిమిషాల పీరియడ్‌లో మూడు గంటల సినిమా ఎక్కడ పడుతుంది? ముందు నవల ఆఖరి పేజీలు చదివిస్తాను. మీరే డైరెక్టరైతే ఏం చూపిస్తారో రాయమంటాను. క్లిప్ ఆ తర్వాతే. వరస తిరగబడిందా, పిల్లల ఊహంతా షారుఖ్ ఖాన్ మొహమే.

ఆ ఆఖరి పేజీల్లో ఏముందంటే, దేవదాసు చెట్టు కింద చనిపోతాడు. పార్వతికి సంగతి తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. భన్సాలీ సినిమాలో అతను ఇంకా కొన ఊపిరితో ఉండగానే ఆమె పరుగెత్తుతుంది, గేట్లు మూసుకుంటాయి. ఏడిపించడానికి గేటు కావాలి కదా! నాకైతే ఆలస్యంగా తెలియడమే ఎక్కువ బాధనిపిస్తుంది.

తర్వాత శరత్ కథ ఆపేసి నేరుగా మనతోనే మాట్లాడతాడు, ఇలాంటివాళ్ల మీద కాస్త జాలిపడమంటాడు. ఆ గొంతుని కెమెరాలో ఎలా చూపిస్తారు? వాయిస్ ఓవరా, ఖాళీ చెట్టా? మా క్లాసులో రెండు వారాలుగా ఇంకా తేలలేదు. మీరైతే ఏం చేస్తారో ఆలోచించండి. ఉంటాను మరి.