దుమ్ము వెళ్లే దారిలోనే మందు



మేము డాక్టర్లం కాదు, జుబైల్‌లో సైటు పని చూసే సూపర్‌వైజర్లం. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు గురించి నాలుగు మాటలు చెబుదామనుకున్నాం. ఎందుకంటే ఆ కథ మన దుమ్ము దగ్గరికే వస్తుంది.

కీమో అనే మాట మనలో చాలామంది ఇంట్లోనో ఊళ్లోనో విన్నదే. ఆ మందుల తొలి చరిత్రలో మనవారొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందునే 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు.

కీమోను ఎక్కువగా సెలైన్‌లాగా నరంలోకి ఎక్కిస్తారు. అది రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. గడ్డ ఉండేది ఊపిరితిత్తిలో, దెబ్బ మాత్రం జుట్టుకూ కడుపుకూ రక్తకణాలకూ. డాక్సోరుబిసిన్ అనే ఎర్రమందు మోతాదు మించితే గుండెకే ముప్పు. మరి ఆస్తమా వాళ్లు ఇన్‌హేలర్ పీల్చినట్టు, ఈ మందునూ పీల్పిస్తే?

అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ పశువైద్యులు దీన్ని కుక్కల్లో చూశారు. వాటికి జబ్బు ఎవరూ తెప్పించలేదు, దానంతటదే వచ్చింది. మందును సన్నటి తుంపరగా చేసి పీల్పించారు. 1999లో వచ్చిన ఫలితం ఇది: కొలవగలిగిన గడ్డలున్న 24 కుక్కల్లో 6 కుక్కలకు గడ్డలు తగ్గాయి. వాటిలో ఒకదానికి పూర్తిగా పోయాయి. రక్తకణాలు దెబ్బతినలేదు. కానీ డాక్సోరుబిసిన్ పలుమార్లు పీల్చిన కుక్కల ఊపిరితిత్తుల్లో అక్కడక్కడ మచ్చ కట్టింది. 2010లో రట్‌గర్స్ యూనివర్సిటీ వాళ్లు మందును అతి చిన్న కొవ్వు బుడగల్లో పెట్టి ఎలుకలకు పీల్పించారు. మందు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే నిలిచింది, మిగతా ఒంటికి తక్కువ చేరింది.

ఇందులో అసలు కిటుకు సైజు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లు దాటిన తుంపర చాలావరకు ముక్కులో, గొంతులోనే ఆగిపోతుంది. లోపలి గాలి గదుల దాకా పోవాలంటే 1 నుంచి 5 మైక్రాన్లు ఉండాలి. అంత సన్నగా మందు చేయడానికి ల్యాబుల్లో ఏళ్ల తరబడి కష్టపడుతున్నారు. మన గ్రైండరు కాంక్రీటు కోసేటప్పుడు అదే సైజు దుమ్మును క్షణాల్లో లేపుతుంది! కంటికి కనపడే దుమ్ము కన్నా కనపడని ఆ దుమ్మే లోతుకు పోతుంది. అందులోని సిలికా మనుషులకు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

పీల్చే కీమో మనుషుల్లోనూ చిన్నగా పరీక్షించారు గానీ, ఆస్పత్రిలో అడిగితే రాసిచ్చే మందు ఇంకా కాలేదు. వాట్సాప్‌లో ఎవరైనా అమ్మజూపితే కష్టార్జితం పోగొట్టుకోకండి. మందు వచ్చేలోపు దుమ్మును ఆపడం మన చేతిలో ఉంది.

కోసేచోట నీళ్లు పట్టండి. మొహానికి చుట్టుకునే గుడ్డ ఈ దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు గాలి సందు లేకుండా పెట్టుకోండి, గడ్డం ఒత్తుగా ఉంటే అది సరిగ్గా అంటుకోదు. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవద్దు.

దగ్గు దాచుకోవద్దు. ఇంటికి పంపేస్తారేమోనన్న భయం మాకు తెలుసు. కానీ సిలికా జబ్బు ఏళ్ల తర్వాత, ఊరెళ్లాక కూడా బయటపడుతుంది. దాన్ని టీబీ అని పొరబడటమూ ఉంది. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "ఇన్నేళ్లు కాంక్రీటు కటింగ్ చేశాను, బ్లాస్టింగ్ చేశాను" అని మీరే ముందు చెప్పండి.

ఇక మా వంతు మాట. నీళ్ల పైపు, మాస్కు లేకుండా మా సైట్లలో కటింగ్ మొదలుపెట్టించం. అవి లేవని ఆగినవాడి మీద కోప్పడం. అడగండి, అది మీ హక్కు.

సెలవు.